నాన్న లేని వాయిదా

ఫిబ్రవరి 16, ఆదివారం రాత్రి పదిన్నరకు అమ్మ ఫోన్ చేసింది. నాన్నకు గుండెలో నొప్పిగా ఉంది, ఒళ్లంతా చెమటలు పోస్తున్నాయి, బాబాయి కారు మాట్లాడి గుంటూరు తీసుకెళుతున్నాడు అని చెప్పింది. హైదరాబాద్‌లో దొరికిన బస్సు ఎక్కి తెల్లారేసరికి ఆసుపత్రికి చేరాను. అప్పటికే యాంజియోగ్రామ్ చేసి, ఒక రక్తనాళం పూడుకుపోయిందని స్టెంట్ వేశారు. పది గంటలకు నన్ను ఐసీయూలోకి పంపారు. నాన్న కళ్లు తెరిచే ఉన్నాడు. నన్ను చూసి మొదట అన్న మాట, "ఎల్లుండి వాయిదా ఉందిరా. ఎట్లా?"

ప్రాణం మీదికి వచ్చిన మనిషి వాయిదా గురించి అడుగుతున్నాడంటే దానికి కారణం ఉంది.

మా కేసు పెద్దదేం కాదు. 2021 జూన్‌లో, నారుమళ్లు సిద్ధం చేసుకునే రోజుల్లో, పొలం గట్టు దగ్గర పక్క చేను ఆయనతో మాటా మాటా పెరిగింది. గట్టు చెక్కేశారని మేము, గట్టును తమ చేలోకి జరిపామని వాళ్లు. తోపులాటలో పార తగిలి ఆయన మోచేయి తెగింది, కుట్లు పడ్డాయి. నాన్న మొదటి ముద్దాయి, బాబాయి రెండో ముద్దాయి. ఐపీసీ 324, రెడ్ విత్ 34, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం, అదీ ఇద్దరూ ఒకే ఉద్దేశంతో. ఎవరిది తప్పన్నది కోర్టు తేల్చాల్సిన విషయం, కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి దాని జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్క రోజు సంగతి.

2023 ఆగస్టులో నాన్నకు డెంగీ జ్వరం వచ్చి ఒక వాయిదాకు వెళ్లలేకపోయాడు. అప్పటి మా ప్లీడరు గారి గుమస్తాకు ఫోన్ చేసి చెప్పాం. "చూసుకుంటాలెండి" అన్నాడు. ఆ రోజు కోర్టులో మూడుసార్లు పిలిచినా నాన్న తరఫున లేచి నిలబడినవాళ్లు లేరు. నాన్ బెయిలబుల్ వారంట్ జారీ అయింది. మాకా సంగతే తెలియదు. పన్నెండు రోజుల తర్వాత తెల్లవారుజామున కానిస్టేబుల్ ఇంటికొచ్చి, "పెద్దాయనా, వారంట్ ఉంది, కోర్టుకు వెళ్లి రీకాల్ చేయించుకోండి, లేకపోతే నేనే తీసుకెళ్లాల్సి వస్తుంది" అన్నాడు. ఆయన మంచివాడు కాబట్టి ఆ మాత్రం గడువిచ్చాడు. నాన్న ఇంకా నీరసంగానే ఉన్నాడు. కోర్టుకు వెళ్లి లొంగిపోయి, వారంట్ రద్దు చేయమని పిటిషన్ వేసి, జామీనుదారులిద్దరినీ మళ్లీ పిలిపించుకుని, సాయంత్రం నాలుగింటి దాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వారంట్ ఒకసారి జారీ అయితే అమలయ్యే దాకా, లేదా కోర్టే రద్దు చేసే దాకా బతికే ఉంటుంది. దానంతట అది పోదు. ఆ రోజు రాలేకపోయిన కారణం నిజమైనదే. కానీ అది కాగితం రూపంలో కోర్టు ముందుకు రాలేదు, అంతే తేడా. ఆ తర్వాత మేము ప్లీడరును మార్చుకున్నాం. నాన్న మాత్రం ఆ తెల్లవారుజామును మర్చిపోలేదు. ఐసీయూలో అడిగింది దాని గురించే.

వాయిదా అన్న మాట మా ఇంట్లో ఏళ్ల తరబడి నలుగుతోంది. కోర్టుకు వెళ్లాల్సిన రోజునూ వాయిదా అంటాం, ఆ రోజు పని కాకుండా ముందుకు జరిగితే దాన్నీ వాయిదా అంటాం. "వాయిదాకు వెళ్లారు, వాయిదా పడింది" అని అమ్మ ఒకే గుక్కలో చెబుతుంది. అందువల్లనో ఏమో, మనిషి రాలేకపోతే కేసు ముందుకు జరపడం తప్ప దారి లేదని నేను అనుకుంటూ వచ్చాను. అది తప్పని ఆ సోమవారం మధ్యాహ్నం తెలిసింది.

ప్లీడరు గారు పొద్దుటి కోర్టు ముగించుకుని భోజనం వేళకు నాకు తిరిగి ఫోన్ చేశారు. నాన్న ఎలా ఉన్నాడో ముందు అడిగి, తర్వాత, "ఎల్లుండి దేనికి ఉందో చూశావా?" అన్నారు. చూడలేదు. ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి, కేసు కట్ట అట్ట మీద రాసి ఉన్న పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ విడిగా ఉండే నంబరు, కొట్టి చూశాను. సాక్ష్యానికి ఉంది.

"ఊరికే హాజరుకు ఉన్న రోజైతే ఒక్క 317 పిటిషన్‌తో పోయేది. సాక్ష్యానికి ఉంటే అంత తేలిక కాదు. సాక్షులకు సమన్లు వెళ్లాయి. వాళ్లు వచ్చి కూర్చుంటే మనం వాయిదా ఎందుకు అడుగుతున్నామో గట్టిగా చెప్పుకోవాలి" అన్నారు.

ఆయన విడమరిచి చెప్పింది ఇది. ముద్దాయి ఫలానా రోజు రాలేడు, ఆయన తరఫున ప్లీడరు ఉన్నారు, ఆ ఒక్క రోజుకు ఆయన రాకను మన్నించి కేసు నడపండి అని కోరేది 317. కేసునే ముందుకు జరపండి అని కోరేది 309. మొదటిది మనిషికి, రెండోది కేసుకు. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక వీటి నంబర్లు 355, 346గా మారాయి. కానీ ఆ తేదీకి ముందే విచారణలో ఉన్న కేసులు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కిందే సాగుతాయి కాబట్టి మాకు పాత నంబర్లే. కోర్టు వరండాలో ఇప్పటికీ అందరి నోటా "త్రీ సెవంటీన్" అనే వినిపిస్తుంది.

"రెండూ వేద్దాం సార్, మొత్తం వాయిదా పడేట్టు చూడండి" అన్నాను. ఆ క్షణంలో నాకు నాన్న గుండె తప్ప ఇంకేదీ గుర్తు లేదు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో 309 చదివాను. చట్టం చదివే అలవాటు లేదు నాకు, ఒక్కో వాక్యం రెండుమూడు సార్లు చదవాల్సి వచ్చింది. సాక్ష్యం మొదలయ్యాక వచ్చిన సాక్షులందరినీ విచారించే దాకా రోజు విడిచి రోజు కాదు, రోజూ సాగాలంటుంది ఆ సెక్షన్. కక్షిదారు చేతిలో లేని పరిస్థితి వస్తే తప్ప అతను అడిగాడని వాయిదా ఇవ్వకూడదు. ప్లీడరు వేరే కోర్టులో పనిలో ఉన్నాడన్నది కారణమే కాదు. సాక్షి వచ్చి ఉంటే, ప్రత్యేకమైన కారణం రాసి పెడితే తప్ప, విచారించకుండా పంపకూడదు. సాక్షి ఉండి మన ప్లీడరు సిద్ధంగా లేకపోతే చీఫ్ (సాక్షిని పిలిచినవాళ్లే మొదట అడిగి చెప్పించేది) రాసుకుని, క్రాస్ (అవతలి ప్లీడరు ఎదురు ప్రశ్నలు వేసేది) అక్కర్లేదని కోర్టు తేల్చేయవచ్చు కూడా. ఈ చివరిది చదివినప్పుడు నాకు వణుకు పుట్టింది. క్రాస్ పోతే మళ్లీ ఆ సాక్షిని పిలిపించుకోవడానికి 311 కింద ఇంకో పిటిషన్ వేయాలి, అది ఒప్పుకుంటారో లేదో. వాయిదా ఇచ్చినా అవతలివాళ్ల ఖర్చులు కట్టమనవచ్చు. కొత్త చట్టంలో ఇంకా బిగించారు. అవతలివాళ్ల అభ్యంతరం విన్నాకే, అదీ రెండు వాయిదాలకు మించకుండా.

సుప్రీంకోర్టు 2015లో వినోద్ కుమార్ వర్సెస్ స్టేట్ ఆఫ్ పంజాబ్ అనే లంచం కేసులో ఇదే బాధ వెళ్లబోసుకుంది. ఒక ముఖ్య సాక్షికి చీఫ్ అయ్యాక క్రాస్ జరిగింది 20 నెలల తర్వాత. ఈలోగా ఆ సాక్షి మాట మార్చేశాడు. వాయిదా అంటే మనకు కలిసొచ్చే కాలం అనుకునేవాణ్ని. అటువైపు కూర్చున్న మనిషికి ఆ కాలం ఏం చేస్తుందో అప్పటిదాకా ఆలోచించలేదు.

మంగళవారమంతా సర్టిఫికెట్‌తోనే సరిపోయింది. డ్యూటీ డాక్టరు మొదట ఇచ్చిన చీటీలో "చికిత్స పొందుతున్నారు" అని ఒక్క వాక్యం ఉంది, కింద గీతలాంటి సంతకం. వాట్సాప్‌లో చూసిన ప్లీడరు గారు ఇది చాలదన్నారు. ఎప్పుడు చేర్చారు, ఏం చేశారు, ప్రయాణం ఎందుకు చేయకూడదు, ఎన్ని రోజుల విశ్రాంతి కావాలి, ఇవన్నీ ఉండాలి. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉండాలి. తేదీ ఉండి తీరాలి. గుండె డాక్టరు గారు సాయంత్రం రౌండ్లకు వచ్చే దాకా ఆయన గది ముందే కూర్చున్నాను. కోర్టు మాట ఎత్తగానే మొదట కాస్త వెనకాడారు. నాన్న రిపోర్టులు చూపించి, ఉన్నదున్నట్టు రాస్తే చాలని చెప్పాక, తానే కూర్చుని నింపారు. మూడు వారాల విశ్రాంతి.

ఈలోపు ప్లీడరు గారి ఆఫీసులో ఒకతను ఫోన్‌లో, "ఎలాగూ రాయిస్తున్నారుగా, రెండు నెలలని రాయించండి, మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదు" అన్నాడు. మంచికే అన్నాడు. నేను వద్దన్నాను. మూడు వారాలని డాక్టరు చెప్పినప్పుడు మూడు వారాలే. ఇంటికొచ్చాక నాన్న ఊళ్లో నలుగురికి కనిపిస్తాడు. రెండు నెలల మంచం అని రాసిన కాగితాన్ని అవతలివాళ్లు ఒక్క ఫొటోతో అబద్ధం చేస్తారు. అంతకన్నా ముఖ్యం, రేపు నిజంగా అవసరం వస్తే మా మాట నమ్మేవాళ్లుండరు.

బాబాయి ఇంకో చిక్కు తెచ్చాడు. "అన్నయ్య రావడం లేదుగా, నేను మాత్రం దేనికి?" అన్నాడు. నాన్న రాలేకపోవడానికి వేసే పిటిషన్ నాన్నకే. బాబాయి రాకపోతే బాబాయి మీద వారంట్ వస్తుంది. ఒక కేసులో ఇద్దరు ముద్దాయిలున్నారంటే హాజరు ఎవరిది వారిదే. ఒకరు వరసగా రాకపోతే అతని కేసును విడగొట్టి మిగతావాళ్ల మీద నడిపిస్తారని కూడా ఆరోజే తెలిసింది. బాబాయి తెల్లారే బయల్దేరాడు.

బుధవారం. అమ్మను నాన్న దగ్గర ఉంచి గుంటూరులో బస్సెక్కాను. పదింటికల్లా కోర్టులో ఉన్నాను. మా పిటిషన్లు అప్పటికే టైపు చేసి ఉన్నాయి. 317లో నాన్న తరఫున మూడు మాటలిచ్చారు. తర్వాతి వాయిదాకు తప్పక వస్తాడు, తాను లేనప్పుడు సాక్ష్యం రాసుకున్నా అభ్యంతరం లేదు, సాక్షులు చెప్పే ముద్దాయి తానే అన్న విషయంలో వివాదం లేదు. ఈ మూడోది నాకు కొత్త. ముద్దాయి బోనులో లేనప్పుడు సాక్షి వేలెత్తి చూపించలేడు కదా, రేపు ఆ సాకుతో సాక్ష్యం చెల్లదనకుండా ఉండడానికి ముందే ఒప్పుకోవాలి. 309 పిటిషన్‌కు కొడుకుగా నా చేత అఫిడవిట్ సంతకం పెట్టించారు. సర్టిఫికెట్, యాంజియోగ్రామ్ రిపోర్టు నకళ్లు జతచేశారు, అసలువి నా సంచిలోనే ఉంచుకుని అడిగితే చూపించమన్నారు. ఒక కాపీ ఏపీపీ గారికి, అంటే ప్రభుత్వం తరఫు ప్లీడరుకు, ముందే ఇచ్చారు. ఇలాంటివి అవతలివాళ్లకు చివరి నిమిషంలో చూపిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఇంకా మేజిస్ట్రేట్ గారు బెంచి ఎక్కలేదు. వరండాలో సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. పక్కనే ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. అందులో పెద్దావిడ, అరవై దాటి ఉంటుంది, కొంగు మూటలో మడిచిన సమన్ల కాగితం పట్టుకుని ఉంది.

"ఇది నాలుగోసారమ్మా. మొదటిసారి వస్తే అయ్యగారు సెలవన్నారు. రెండోసారి ప్లీడర్లు కోర్టులోకి పోవట్లేదన్నారు. మూడోసారి ఆ దెబ్బ తగిలినాయనే రాలేదు. ఇప్పుడు చూడు, మినుము కోతలు. అందరూ చేలో ఉన్నారు, నేనిక్కడ. రాకపోతే వారంట్ పెడతారని పోలీసాయన చెప్పిపోయాడు. నాదేముంది ఇందులో? ఆ రోజు కూలికి పోయాను, కళ్లున్నాయి కాబట్టి చూశాను."

రెండో ఆవిడ ఏ ఊరని అడిగింది. ఆమె మా ఊరి పేరు చెప్పింది.

నేను తలెత్తి చూశాను. చదువుకీ ఉద్యోగానికీ ఊరు వదిలి ఇరవై ఏళ్లయింది, గుర్తుపట్టలేదు. బాబాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని అవతలికి లాగాడు. "ఆవిడే. మన మీద సాక్షి."

నాలుగు కూలి రోజులు. నాలుగుసార్లు బస్సు చార్జీలు. ఈ పూట మా 309 పిటిషన్ గెలిస్తే ఐదోది. నా సంచిలో ఉన్న సర్టిఫికెట్ నిజమైనదే, నాన్న మంచం మీద ఉన్న మాట నిజమే. కానీ ఆ నిజానికి కూలి కట్టేది ఆవిడ. ఈ లెక్క నేను వేసుకోలేదు.

ఆవిడకు కనీసం టీ ఇప్పిద్దామనిపించింది. ప్లీడరు గారితో అంటే కంగారుపడ్డారు. "వద్దు బాబూ, ఆమె వైపు కూడా వెళ్లకు. నువ్వు జాలితో టీ ఇప్పిస్తావు, అటువాళ్లు సాక్షిని లోబరుచుకుంటున్నారని పిటిషన్ వేస్తారు. బెయిలు మీద ఉన్న మనిషి కొడుకువి." నిజమే. ముద్దాయి వైపు వాళ్లు సాక్షికి చేసే ఏ సాయమైనా సాయంలా కనిపించదు. అలాగే నిలబడిపోయాను.

కాసేపటికి అడిగాను: "సార్, నాన్న లేకపోయినా ఆవిడ సాక్ష్యం ఇవాళ అయిపోతుందా?"

ఆయన నన్ను పరీక్షగా చూశారు. "అవుతుంది. ఆమెను క్రాస్ చేయడానికి మీ నాన్న నాకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. కానీ ఫిర్యాదిదారు అయిన ఆ పక్క చేను ఆయన సంగతి వేరు. గట్టు కొలతలు, సర్వే రోజు జరిగింది మీ నాన్న పక్కనుంటేనే అడగగలను. ఒకటి మాత్రం ఆలోచించుకో. మీ నాన్న లేనప్పుడు ఆయనకు వ్యతిరేకంగా ఆమె బోనెక్కుతుంది. ఆయన్ను అడగకుండా నువ్వు సరేననకు."

అమ్మకు ఫోన్ చేసి నాన్నకివ్వమన్నాను. సంగతంతా చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు. ఆయన్ను ఈ స్థితిలో కదిలించానేమోనని భయపడ్డాను.

"ఆవిడ వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది నాన్నా. నాలుగోసారంట."

"మన చేలోనూ ఆవిడే నాటేది. ఆ చేలోనూ ఆవిడే." మళ్లీ కాసేపు ఆగి, "చెప్పనీరా. చూసింది చెప్పి ఇంటికి పోనీ" అన్నాడు.

పదిన్నరకు మేజిస్ట్రేట్ గారు వచ్చారు. మా నంబరు పదకొండున్నరకు వచ్చింది. అటెండరు నాన్న పేరు పిలుస్తుంటే నా గుండె దడదడలాడింది, 2023లో ఇలాగే పిలిచి ఉంటారు. ఈసారి ప్లీడరు గారు లేచి, "మొదటి ముద్దాయికి 317 వేశామండీ, రెండో ముద్దాయి హాజరు" అన్నారు. బాబాయి వెళ్లి నిలబడ్డాడు.

మేజిస్ట్రేట్ గారు సర్టిఫికెట్ అందుకుని చాలాసేపు చదివారు. అసలుది చూపించమన్నారు. నేను వణికే చేతులతో సంచిలోంచి తీసి ఇచ్చాను.

"ఎవరు మీరు?"

"కొడుకునండీ."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"ఇవాళే వార్డులోకి మార్చారండీ."

తల ఊపి, ఏపీపీ గారి వైపు చూశారు. ఏపీపీ గారు, 317కు అభ్యంతరం లేదు గానీ ఇద్దరు సాక్షులు వచ్చి ఉన్నారు, వాయిదా ఇవ్వడానికి వీల్లేదన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. మా ప్లీడరు గారు, మొత్తం వాయిదా అడగడం లేదని, ఇద్దరి చీఫ్ ఇవాళే పూర్తి చేయవచ్చని, కూలి పనిచేసుకునే సాక్షిని తాను ఇవాళే క్రాస్ చేస్తానని, ఫిర్యాదిదారు క్రాస్ ఒక్కటి మూడు వారాలు ఆపమని కోరారు. ఎందుకో కూడా చెప్పారు. పది నిమిషాలు కూడా పట్టలేదు ఇదంతా. రెండు రోజులు నేను బుర్ర బద్దలు కొట్టుకున్నది పది నిమిషాల్లో తేలింది.

317 అనుమతించారు. ఫిర్యాదిదారు క్రాస్ మార్చి 12కు వేశారు. కారణం డాకెట్‌లో, అంటే ఆ రోజు ఏం జరిగిందో కోర్టు రాసుకునే కాగితంలో, రాశారు. ఫిర్యాదిదారుకు వెయ్యి రూపాయలు ఖర్చుల కింద కట్టమన్నారు. ఆ రోజు గనక క్రాస్ చేయకపోతే క్రాస్ లేనట్టు రాస్తానని మా ప్లీడరు గారిని చూసి నెమ్మదిగానే అన్నారు. వెయ్యి రూపాయలు అప్పటికప్పుడే ఇచ్చి రసీదు తీసుకుని మెమో దాఖలు చేశాం. ఖర్చులు కట్టమనడం శిక్షేమోనని బాబాయి ముఖం మాడ్చుకున్నాడు. నాకు అలా అనిపించలేదు. ఫిర్యాదిదారు కూడా పని మానుకునే వచ్చాడు, మా అవసరానికి ఇంకోసారి రావాలి.

ఫిర్యాదిదారు చీఫ్ అయ్యాక ఆవిడను పిలిచారు. బోను మెట్టు ఎక్కలేక చెక్క పట్టుకుంది. ప్రమాణం చేయించారు. ఏం చెప్పిందో రాయను, కొంత మాకు అనుకూలం, కొంత కాదు. ఏపీపీ గారు అడిగినంతసేపూ, మా ప్లీడరు గారు అడిగినంతసేపూ ఒకే గొంతుతో చెప్పింది. తెలియనిదాన్ని తెలియదంది. టైపు చేసింది తెలుగులో చదివి వినిపించాక వేలిముద్ర వేసింది. వెళ్లబోతుంటే మేజిస్ట్రేట్ గారు బెంచ్ క్లర్కుతో ఆమెకు సాక్షి బత్తా కాగితం చూడమన్నారు. సాక్షులకు ప్రభుత్వం ఖర్చులివ్వాలని కోర్టు ఆదేశించడానికి 312 సెక్షన్ ఉందని ప్లీడరు గారు తర్వాత చెప్పారు. గడచిన మూడుసార్లూ ఆవిడ అడగలేదు, ఉందని తెలిస్తే కదా అడగడానికి.

బయటకొచ్చి ఆవిడ బ్యాగులోంచి చద్దన్నం డబ్బా తీసింది, మళ్లీ లోపల పెట్టేసింది. "ఒంటిగంట బస్సుంది, అందుకుంటే సగం పూటన్నా పనికి పోతా" అని ఆ రెండో ఆవిడతో చెప్పి గేటు వైపు నడిచింది. నేను దూరంగానే నిలబడి చూశాను.

ఇలాంటి అవసరం ఎవరికైనా రావచ్చు కాబట్టి ఒక మాట. మనిషి రాలేని రోజున ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. పిటిషన్ వేశారా, డాకెట్‌లో ఏం రాశారు, ఎప్పటికి వేశారు, ఆ సాయంత్రమే కనుక్కోండి, యాప్‌లో మార్పు వచ్చిందో లేదో చూడండి. నేను గుంటూరు వెళ్లే బస్సులో కూర్చుని ఎన్నిసార్లు చూశానో. రాత్రి ఎనిమిదింటికి మార్చి 12 అని కనిపించాకే నాన్నకు చూపించాను. ఫోన్ తీసుకుని, కళ్లద్దాలు లేకుండానే దగ్గరగా పెట్టుకుని, ఆ తేదీని చూశాడు.

శుక్రవారం డిశ్చార్జ్ చేశారు. మూడు వారాలూ ఇంట్లోనే ఉన్నాడు, చేను వైపు వెళ్లనివ్వలేదు అమ్మ. పన్నెండో తేదీన నేను సెలవు పెట్టి వచ్చి కారులో తీసుకెళ్లాను. పేరు పిలవగానే తానే లేచి ముందుకు నడిచాడు. ప్లీడరు గారు అడిగితే మేజిస్ట్రేట్ గారు కూర్చోవడానికి కుర్చీ వేయించారు. ఫిర్యాదిదారు క్రాస్ నలభై నిమిషాలు సాగింది. మధ్యలో రెండుసార్లు ప్లీడరు గారు వెనక్కి వంగి నాన్నను ఏదో అడిగారు, నాన్న చేతులతో గట్టు కొలత చూపించాడు. ఆ కొలత నేను చెప్పగలిగేది కాదు.

వరండాలోకి వచ్చాక అరుగు మీద కూర్చుని నాన్న అటూ ఇటూ చూశాడు.

"ఆవిడ కనపడదేంట్రా?"

"ఆవిడ పని అయిపోయింది నాన్నా. ఇంక రానక్కర్లేదు."

సరేనన్నట్టు తలూపి, మందుల సంచి నా చేతిలోంచి తీసుకున్నాడు. దర్యాప్తు అధికారికి సమన్లు పంపమని రాశారు. తర్వాతి వాయిదా ఏప్రిల్‌లో.